అన్నయ్య అద్దాల బీరువాలో నా బూట్లు

మా పెదనాన్న కొడుకు మీద పగ తీర్చుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు నా చేతిలో సగం తిన్న సమోసా ఉంది. శపథం చేసేవాళ్ళు చెయ్యి పైకెత్తాలంటారు. నా చేతికి నూనె అంటి ఉండడం వల్ల ఎత్తలేదు. సమోసా పూర్తిచేసి, కాగితానికి వేళ్ళు తుడుచుకుని, ఆ కాగితాన్ని ఉండచేసి బుట్టలో వేసి, అప్పుడు తీరిగ్గా పగబట్టాను. అప్పటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం.

వన్ టౌన్‌లో మాది చెప్పుల హోల్‌సేల్ కొట్టు. తాతయ్య పెట్టింది. పెదనాన్న, నాన్న కలిసి నడుపుతారు. ముందు కౌంటర్ దగ్గర, ఫ్యాన్ కింద, పెదనాన్న కొడుకు కూర్చుంటాడు. నేను అతన్ని అన్నయ్యా అంటాను, వేరే మాటలు అనకూడదు కాబట్టి. వెనక కాలువ వైపు గోడౌన్‌లో, ఫ్యాన్ లేని చోట, కాలేజీ అయ్యాక నేనుంటాను. మా ఇంట్లో దీన్ని ఉమ్మడి వ్యాపారం అంటారు.

ఇక బూట్ల సంగతి. ఒక పెద్ద విదేశీ కంపెనీ ఉంది. ఎప్పుడో పాతికేళ్ళ కిందటి తన మోడల్‌నే మళ్ళీ తీసి, పచ్చి అరటికాయ రంగు వేసి, కొద్ది జతలే చేస్తున్నామని ప్రకటించింది. కావలసినవాళ్ళు ఫోన్‌లో పేరు ఇచ్చుకోవాలి. డ్రా తీస్తారు. పేరు తగిలినవాడు ఆ ధరకి కొనుక్కుంటాడు. తగలనివాడు ఏడ్చి, తగిలినవాడి దగ్గర ఎన్నో రెట్లు పోసి కొనుక్కుంటాడు. మా కొట్టులో పుట్టి పెరిగినవాడికి ఇది మింగుడుపడే వ్యాపారం కాదు. మేము ఒక చెప్పు బాగా పోతోందంటే ఇంకో లారీ దింపుతాం. వాళ్ళు బాగా పోతోందంటే తయారీ ఆపేస్తారు. మిగిలిపోయిన సరుకును మేము డెడ్ స్టాక్ అని పళ్ళు కొరుకుతూ అంటాం. వాళ్ళు అదే మాటని, ఎవరూ తొడగని, లోపల చుట్టిన కాగితం కూడా నలగని జతకి బిరుదులాగా ఇస్తారు.

నాకు మాత్రం ఆ బూట్లు కావాలి. ఎందుకని అడిగితే ఇప్పటికీ సమాధానం లేదు. రోజంతా చెప్పుల పెట్టెల మధ్య ఉండేవాడికి చెప్పుల మీద మోజు ఉండకూడదు. కానీ మా గోడౌన్‌లో ఏదైనా వందల జతల్లో ఉంటుంది. ఒక్కటే ఉన్న వస్తువు నేను చూసి ఎరగను. అదేమో తెలీదు, ఆ అరటికాయ రంగు చూశాక కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఆకలి కూడా అయ్యుండవచ్చు.

అమ్మ ఫోన్‌తో డ్రాలో పేరు వేశాను, నాన్న ఫోన్‌తో వేశాను, పిన్ని ఫోన్‌తో వేశాను. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ పిన్ని బ్యాంకు ఖాతా ఖాళీ అయిందని కంగారుపడింది. చివరికి నా ఫోన్‌కి, నా పేరుకే తగిలింది. సెలవుల్లో క్యాటరింగ్ వాళ్ళతో వెళ్ళి, పెళ్ళిళ్ళలో గోంగూర పచ్చడి వడ్డించి దాచుకున్నదంతా కట్టేశాను. తొమ్మిదో సైజు. నా సైజు.

అక్కడ ఒక పొరపాటు చేశాను. మా సందు కొరియర్ వాళ్ళకి దొరకదు, దొరికినా లోపలికి రారు. అందుకని కొట్టు అడ్రస్ ఇచ్చాను. వన్ టౌన్‌లో ఉమ్మడి వ్యాపారాల మధ్య పెరిగినవాడెవడూ చేయకూడని పని అది. ఎందుకంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గుమ్మం దాటి ఏ పెట్టె లోపలికొచ్చినా, కౌంటర్ మీద ఉన్నవాడు ముందు స్కెచ్ పెన్ తీసి మూత మీద కోడ్ రాస్తాడు. కొన్న ధరని అక్షరాల్లో రాసే గుర్తు అది. మా ఇంటివాళ్ళకి తప్ప బేరమాడే వాళ్ళకి అర్థం కాదు. కోడ్ పడిందంటే ఆ పెట్టె కొట్టు సరుకు. అది ఎవరు తెప్పించారు, ఎందుకు తెప్పించారు అన్న ప్రశ్న అక్కడితో అయిపోతుంది.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పెట్టె మూత మీద, ఆ కంపెనీ వాళ్ళు ఎంతో ముచ్చటపడి అచ్చువేయించుకున్న బొమ్మ మీదుగా, నల్లటి స్కెచ్ పెన్‌తో అన్నయ్య చేతిరాత. నా పేరున్న చీటీ పక్కనే అతుక్కుని ఉంది. చేతి అలవాటు, చీటీలో ధర చూసి ముందు కోడ్ రాసేస్తాడు, పేరు తర్వాత చదువుతాడు.

"ఏరా, చెప్పుల కొట్టులో పుట్టినోడివి. చెప్పులకి లాటరీ కట్టావా?" అన్నాడు.

"బూట్లు అన్నయ్యా."

"కాలికేగా వేసేది. నెత్తిన పెట్టుకుంటావా?"

కొట్టులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, జోకు బాగుంది. తర్వాత అతను ఊరికే ఫోన్ తీసి, పెట్టె మీద పేరు కొట్టి, బయట ఆ జత ఎంత పలుకుతోందో చూశాడు. మళ్ళీ చూశాడు. అతని ముఖంలో మొదటిసారి నా మీద గౌరవం కనిపించింది. కాసేపే. ఆ తర్వాత అది బూట్ల మీదికి మారిపోయింది.

"ఇది నీ దగ్గరుంటే పాడుచేస్తావురా," అన్నాడు పెట్టె తన వైపు జరుపుకుంటూ.

"వేసుకుంటాను."

"అదే అంటున్నా."

పంచాయితీ పెదనాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పెట్టె అటూ ఇటూ తిప్పారు. బూట్లు చూడలేదు, కోడ్ చూశారు. "కొట్టుకొచ్చింది. కోడ్ పడింది. ఇంక నీదీ నాదీ ఏంట్రా? పెద్దోడి దగ్గర భద్రంగా ఉంటది. నీక్కావాలంటే గోడౌన్‌లో ఏదో ఒకటి తీసుకో, నిన్నెవరు కాదన్నారు?" అన్నారు. నేను నాన్న వైపు చూశాను. ఆయన సొరుగు తెరిచి రబ్బరు బ్యాండ్లు సర్దుతున్నారు. నాన్న వాళ్ళ అన్నయ్యకి ఎదురు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా కొట్టులో రబ్బరు బ్యాండ్లు చాలా పద్ధతిగా ఉంటాయి.

ఇంతలో టీ కుర్రాడు సమోసాలు తెచ్చాడు. ఆ తర్వాతది చెప్పాను కదా.

నాకేం కావాలో ఆ రోజే తేల్చుకున్నాను. బూట్లు వెనక్కి వస్తాయన్న ఆశ లేదు. అన్నయ్య నోటితో, పదిమందిలో, ఇవి వీడివి అని ఒక్కసారి అనాలి. అంతే. చిన్న కోరికే. పెద్ద పగలు పెట్టుకోవాలంటే సమయం ఉండాలి, నాకేమో సెమిస్టర్ పరీక్షలు.

అన్నయ్య ఇంటి ముందుగదిలో అద్దాల బీరువా చేయించాడు. లోపల పసుపు రంగు బల్బు. మధ్య అరలో నా బూట్లు, మిఠాయి దుకాణంలో సున్నుండల పళ్ళెంలాగా. దుమ్ము పట్టకుండా వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టాడు. తర్వాత ఇంకో జత కొన్నాడు, దాని తర్వాత ఇంకోటి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాడు. తనను తాను కలెక్టర్ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కొడుకు కలెక్టర్ కావాలని పెదనాన్నకి ఎప్పటినుంచో కోరిక, అందుకని ఆయనా అడ్డు చెప్పలేదు.

గుంటూరు నుంచి, మంగళగిరి నుంచి, భీమవరం నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చేవాళ్ళు. గుమ్మం బయట తమ బూట్లు వదిలి, లోపలికొచ్చి, బీరువాలో బూట్లకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ గదిలోనే దేవుడి పటం కూడా ఉండేది. దాని వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు, దానికి బల్బు లేదు. నేను సోడాలు అందించేవాణ్ణి. అందిస్తూ వినేవాణ్ణి. ఈ వస్తువులకి అంత ధర ఎందుకు పలుకుతుందో నాకు అక్కడే అర్థమైంది, బూట్ల పిచ్చివాళ్ళ ఫోన్ గ్రూపుల్లో చేరినా అర్థమయ్యేది కాదు.

బూటు బాగుండడం వల్ల కాదు. అంతకన్నా మెత్తటివి మా దగ్గర డజన్ల లెక్కన ఉన్నాయి. అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పడం వల్ల. లేదు అని చెప్పించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటే ఉన్నవాడు అంత గొప్పవాడు. అంటే ఆ బీరువాలో ఉన్నది ఒక జత కాదు, దొరకనివాళ్ళందరి ఏడుపు. బల్బు వెలుగులో అది చాలా బాగుంటుంది. ఇంకొకటి, కథ. ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే, "మీకెలా దొరికింది అన్నా?" అని. తోలుకి, దారానికి ఇచ్చేది కొంత, మిగిలినదంతా ఈ ప్రశ్నకి చెప్పే జవాబుకి ఇస్తారు.

అన్నయ్య జవాబు మొదట్లో చిన్నగా ఉండేది. "డ్రాలో తగిలింది." తర్వాత పెరిగింది. బొంబాయిలో వానలో లైన్లో నిలబడ్డాడు. ఆ తర్వాత నెలల్లో ఆ లైన్లో తోపులాట జరిగింది, ఎవరో స్పృహ తప్పారు, ఇతను నీళ్ళు తాగించాడు. అన్నయ్య అప్పటిదాకా గుంతకల్లు దాటి వెళ్ళలేదు. బూట్లు పోతే పోయాయి, కథ కూడా నాదే కదా. నా కథలో వాన లేదు, బొంబాయి లేదు. పిన్ని ఓటీపీ, గోంగూర పచ్చడి ఉన్నాయి. అయినా నాది.

పగ తీర్చుకునే ప్రయత్నాలు చేయలేదని కాదు. ఒకరోజు బీరువా తాళం వేయడం మర్చిపోతే ఒక లేసు తీసేశాను. సాయంత్రానికి అన్నయ్య అలాంటిదే ఇంకోటి తెప్పించి, పాతదానికన్నా బాగుందన్నాడు. వేరే పేరుతో ఖాతా తెరిచి, అతని ఫొటో కింద "ఇవి వీళ్ళ తమ్ముడివి" అని రాశాను. దానికి ఒక్క లైకు వచ్చింది. అమ్మది. దొంగ పేరు పెట్టినా కనిపెట్టేసింది. భోజనం దగ్గర, "అన్నయ్యని అలా నలుగుర్లో అనొచ్చా?" అంది. అంటూనే ఇంకో గరిటె పప్పు వేసింది.

నాకు దారి చూపించింది గోడౌన్. మా గోడౌన్ వెనక గోడ కాలువని ఆనుకుని ఉంటుంది. వానాకాలంలో ఆ గోడకి చెయ్యి పెడితే చెయ్యి తడుస్తుంది. అక్కడ పేర్చిన పెట్టెల్లో కొన్ని మూడు నాలుగేళ్ళు కదలకుండా ఉండిపోతే, వాటిని తీసి ఒక పని చేయాలి. చెప్పు తీసి సోలుని రెండు చేతులతో వంచి చూడాలి. వంగితే సరుకు. విరిగితే, పొడి రాలితే, మా భాషలో బిస్కెట్ అయిపోయింది అంటాం. సోలు లోపల మెత్తగా నురుగులాంటిది ఉంటుంది. అది ఏళ్ళ తరబడి గాల్లో చెమ్మ తాగి లోపల్నుంచి పొడైపోతుంది. రోజూ తొడిగి తిరిగితే ఆ సోలు ఎక్కువకాలం నిలుస్తుంది. దాచిపెడితేనే పోతుంది. పైకి మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది.

ఒక వానాకాలం అలా ఒక చెప్పుని వంచితే పుటుక్కున విరిగింది. నేను అరచేతిలో పొడి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఇంటికి వెళ్ళి అన్నయ్య బీరువా ముందు నిలబడ్డాను. గోడౌన్‌కి లాగే కాలువ గాలి వచ్చే గోడ. గాలాడకుండా బిగించిన ప్లాస్టిక్. రాత్రింబవళ్ళు వెచ్చటి బల్బు. నేను కూర్చుని ఆలోచించినా ఇంత బాగా ఏర్పాటు చేయలేకపోయేవాణ్ణి. ఇక నేను చేయవలసింది ఏమీ లేదు. ఏమీ చేయకపోవడంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి పేరుంది.

ఒకసారి మాత్రం గండం వచ్చింది. అన్నయ్య ఫోన్ చూసుకుంటూ గోడౌన్‌లోకి వచ్చాడు.

"ఒరే, తొడక్కుండా ఉంచితే సోళ్ళు పొడైపోతాయంటున్నారు గ్రూపులో. నిజమేనా?"

"మన సరుకైతే అవుతుంది."

"మరి నాది?"

నాది అన్నాడు. నేను చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టాను. "అది ఫారిన్ కదా అన్నయ్యా."

"అదే నేనూ అన్నా వాళ్ళతో. మన రెండొందల చెప్పుకీ దానికీ పోలికా?" అన్నాడు. తేలికపడ్డాడు. మళ్ళీ తిరిగి, "నెలకోసారి తొడిగి నాలుగడుగులు వేస్తే మంచిదంటున్నాడొకడు," అన్నాడు.

"తొడిగితే ధర పోదూ?"

"పోతది."

"మరి నీ ఇష్టం."

చెప్పులమ్ముకుని బతికే ఇంటివాడు, సోలంటే ఏమిటో తెలిసినవాడు, ఫారిన్ అన్న ఒక్క మాట దగ్గర తెలిసినదంతా మర్చిపోయాడు. నేను అబద్ధం చెప్పలేదు. అది నిజంగా ఫారినే.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. నా డిగ్రీ అయింది, గోడౌన్ పూర్తిగా నా చేతికొచ్చింది, ఫ్యాన్ మాత్రం రాలేదు. ప్రతి వానాకాలం నేను బీరువా దగ్గరికి వెళ్ళి నా బూట్లని అద్దంలోంచి పలకరించేవాణ్ణి. రంగు చెదరలేదు. చాలా ఆరోగ్యంగా కనిపించేవి. లోపల సంగతి వాటికీ నాకూ మాత్రమే తెలుసు.

అన్నయ్యకి ఉయ్యూరు సంబంధం వచ్చింది. వాళ్ళు చెరకు రైతులు. ఎరువుల వ్యాపారం కూడా ఉంది. అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పనిచేస్తుంది. పెళ్ళిచూపులు మా ఇంటికి దగ్గర్లో వాళ్ళ బంధువుల ఫ్లాట్‌లో అయిపోయాయి. అన్నయ్యకి ఆమె నచ్చింది. ఆమె ఇంకా చెప్పలేదు. మాటలు ఖాయం చేసుకోవడానికి మేము వాళ్ళ ఊరు రావాలన్నారు. అన్నయ్య ఆమె పాత ఫొటోలన్నీ తిరగేస్తే, ఒకదాంట్లో ఆమె పట్టుచీర కింద స్నీకర్లు వేసుకుని ఉంది. అంతే, బీరువా తాళం తీశాడు.

"తొడుగుతావా?" అన్నాను. గొంతు మామూలుగా ఉండేలా చూసుకున్నాను.

"తొడుగుతా."

"ధర పోతుంది కదా అన్నయ్యా."

"కొన్నిటి దగ్గర ధర చూసుకోకూడదురా," అన్నాడు, అద్దంలో తనను తాను చూసుకుంటూ. చాలా గంభీరంగా అన్నాడు. నేను తల దించుకున్నాను. చూసినవాళ్ళు కళ్ళు చెమర్చాయనుకుంటారు. అన్నయ్యది ఎనిమిదో సైజు. ముందు భాగంలో దూది కుక్కుకున్నాడు.

కారులో పెదనాన్న ముందు కూర్చున్నారు, వెనక నాన్న, నేను, అన్నయ్య. అతను కాళ్ళ కింద దినపత్రిక పరిచి, దాని మీద పాదాలు పెట్టుకుని, బందరు రోడ్డు పొడవునా కదలకుండా కూర్చున్నాడు. కంకిపాడు దాటేసరికి చెరకు ట్రాక్టర్లు ఎదురయ్యాయి. ఫ్యాక్టరీ వైపు నుంచి తియ్యటి పులుపు వాసన. నాకు ఆ వాసన ఎప్పుడూ పడదు, ఆ రోజు బాగుంది.

వాళ్ళ గుమ్మం దగ్గర అందరం చెప్పులు వదిలాం. అన్నయ్య తన జతని మిగతావాటికి దూరంగా, అరుగు మీద పెట్టాడు. కాసేపటికి అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి, తిరిగి వెళ్తూ బయటికి చూసి ఆగింది.

"ఇవి ఆ గ్రీన్ రిలీజ్ కదండీ? అప్పుడు నేనూ వేశానండి డ్రాలో. మా ఇంట్లో అందరి ఫోన్లతోనూ వేశాను, రాలేదు. మీకెలా దొరికింది?"

ఆమె మొదటిసారి అన్నయ్యతో నేరుగా మాట్లాడింది. అన్నయ్య ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను వచ్చే మాట కోసం నిజంగానే ఎదురుచూశాను. నీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాను, తాగలేదు.

"డ్రాలోనేనండి. నా పేరుకే తగిలింది," అన్నాడు.

నేను నీళ్ళు తాగాను. అప్పటిదాకా అతని మీద నాకు ఎక్కడో కొంచెం జాలి ఉండేదని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే బాగుంటుంది కాబట్టి చెబుతున్నాను.

భోజనాలకి ఇంకా టైముందని, అమ్మాయి నాన్నగారు లేచారు. "పదండి బాబూ, అలా తోట చూసొద్దాం. పక్కనే." గుమ్మం దగ్గర అన్నయ్య బూట్లు తొడుక్కుంటుంటే చూసి, "గట్లు తడిగా ఉన్నాయి. చెప్పులేమన్నా ఇమ్మంటారా?" అన్నారు.

"వద్దండి. ఇవి ఎక్కడికైనా పనికొస్తాయండి," అన్నాడు అన్నయ్య. అమ్మాయి కూడా వస్తోంది మరి.

గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందు అమ్మాయి నాన్నగారు, తర్వాత పెదనాన్న, తర్వాత అన్నయ్య. వెనకాల నేను. నా వెనక నాన్న, అమ్మాయి, వాళ్ళ మేనమామ. వెనక నడవడం తమ్ముళ్ళ బతుకు. ఆ రోజు మాత్రం మంచి సీటు దొరికింది.

మొదట చప్పుడు వచ్చింది. అప్పడం నలిగినట్టు. అన్నయ్య కింద ఏదో తొక్కాననుకుని పక్కకి జరిగాడు. మళ్ళీ అదే చప్పుడు. అతని మడమ కిందినుంచి లేత పసుపు పొడి గట్టు మీద రాలింది. నాలుగడుగులు వేసేసరికి ముక్కలు రాలాయి. నేను వాటి మీద అడుగు పడకుండా జాగ్రత్తగా నడిచాను. నా వస్తువులు కదా. అమ్మాయి నాన్నగారు నాట్లు, దిగుబడి, చెరకు కోతకి ఫ్యాక్టరీ వాళ్ళిచ్చే కూపన్ల గురించి చెబుతున్నారు. అన్నయ్య "అవునండి, అవునండి" అంటున్నాడు. ఒక్కో అవునుకీ అతను ఒక్కో పొర ఎత్తు తగ్గుతున్నాడు.

తడి మట్టి దగ్గర కుడికాలు దిగబడింది. కాలు లాగాడు. కాలు వచ్చింది, పైభాగం వచ్చింది, కింది రబ్బరు మట్టిలోనే ఉండిపోయింది. అతను తెలియక ఇంకో రెండడుగులు వేశాడు.

అమ్మాయి వాళ్ళ మేనమామ వంగి దాన్ని తీసి, మట్టి దులిపి, రెండు చేతులతో మర్యాదగా చాపారు. "బాబూ, మీదేదో పడిపోయింది."

అందరూ ఆగారు. ఎడమకాలి సోలు అప్పుడే వెనకనుంచి నోరు తెరిచింది. మేనమామ ఒక ముక్కని వేళ్ళతో నలిపి, "ఇదేంటండీ, రస్కులాగా పొడైపోతోంది?" అన్నారు. ఆయన ఎగతాళికి అనలేదు, రైతు కదా, చేతికొచ్చినదేదైనా నలిపి చూస్తారు.

ముందు నోరు విప్పింది పెదనాన్న. జీవితమంతా చెప్పులమ్మిన మనిషి, కాబోయే వియ్యంకుడి పొలంలో తన వృత్తి ముక్కలై పడుంటే తట్టుకోలేకపోయారు. "మా కొట్టు సరుకు కాదండి ఇది. మేమిలాంటియ్యి అమ్మం," అన్నారు గట్టిగా. కోడ్ ఏమైందో అడగాలనిపించింది. అడగలేదు, పెద్దాయన.

ఇక మిగిలింది అన్నయ్య. పైభాగాల్లోంచి దూది బయటికొచ్చిన కాళ్ళతో నిలబడి, అందరి ముఖాలూ చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "నావి కాదండి. వీడివి. మా తమ్ముడివి. వాడికే డ్రాలో వచ్చినయ్. నేను ఊరికే..." అన్నాడు.

ఎన్ని వానాకాలాలు ఎదురుచూశానో ఆ మాట కోసం. పదిమంది లేరు, ఏడుగురమే ఉన్నాం. సర్దుకున్నాను.

"అవునండీ, నావే," అన్నాను. "అన్నయ్య అడక్కుండా వేసుకొచ్చాడు."

నా వెనకనుంచి నాన్న గొంతు వినపడింది. "వాడివేనండి. కొట్టుకొచ్చిన రోజు పెట్టె మీద వాడి పేరు నేను చూశాను," అన్నారు. పెదనాన్న తల తిప్పి తమ్ముణ్ణి చూశారు. నాన్న తల దించుకోలేదు. ఆ మాటకి చాలా ఆలస్యమైంది, అయినా నేను పుచ్చుకున్నాను.

అమ్మాయి అన్నయ్యని చూసింది. "ఇందాక మీ పేరుకే తగిలిందన్నారు?"

అన్నయ్య చెరకు వైపు చూశాడు. చెరకు మనిషి ఎత్తు దాటి ఉంది, కానీ లోపలికి దారి లేదు.

ఎవరూ కంగారుపడకండి, సంబంధం తప్పిపోలేదు. ఆమె ఇప్పుడు మా వదిన. ఒప్పుకోవడానికి మాత్రం వారం తీసుకుంది. అన్నయ్య కొట్టులో లెక్క తప్పినా, కూరలు తేవడం మర్చిపోయి తెచ్చానన్నా, ఆమె గొంతు పెంచదు. "డ్రాలో తగిలిందన్నారుగా," అంటుంది, అంతే. నేను పొయ్యి అంటించాను, ఆవిడ మంట తగ్గకుండా చూసుకుంటోంది. మా వదినంటే నాకు చాలా గౌరవం.

ఆ రోజు గట్టు మీదుగా వెనక్కి వచ్చేటప్పుడు అన్నయ్య వట్టి కాళ్ళతో నడిచాడు. నా చెప్పులు వేసుకోమన్నాను. సైజెంత అన్నాడు. తొమ్మిది అన్నాను. వద్దులే అన్నాడు. బూట్ల పైభాగాలు నాకే ఇచ్చాడు, చేతుల్లో పట్టుకుని కారెక్కాను.

కంకిపాడు దగ్గర అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు, "నీకు తెలుసు కదరా?"

"ఏంటి?"

"పొడైపోతాయని."

"గోడౌన్‌లో ఉంటా కదా. తెలుసు."

"మరి చెప్పాలిగా ముందే."

"ఎవరివో బూట్ల గురించి నేనెలా చెబుతా అన్నయ్యా? ఇందాక పొలంలోనేగా నావైంది."

అన్నయ్య కాళ్ళ కింది దినపత్రికని మడిచి సీటు కిందికి తోశాడు. పెనమలూరు దగ్గర పెదనాన్న, ఏసీ కొంచెం పెంచవయ్యా అని డ్రైవర్‌తో అన్నారు.